సబ్ర్‌ను ఆయుధంగా పట్టిన పఠాన్

(యువకులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఒక బాకీ ఉన్నది. ముందు దానిని మీ ముందు ఒప్పుకొని తరువాత విషయంలోకి వస్తాము. రెండేళ్ల క్రితం మన ఊరి ఖబరస్థాన్ సరిహద్దులో ఎవరో రాత్రికి రాత్రే కడ్డీలు పాతి కంచె వేశారు. మరునాడు అస్ర్ నమాజు తరువాత మసీదు వరండాలో అందరం కూర్చున్నాము. కుర్రాళ్లు ఆ రాత్రే కంచె పీకేద్దామన్నారు. పెద్దలు సబ్ర్ చేయండి, గొడవలు వద్దన్నారు. అప్పుడు ఒక యువకుడు లేచి మా వైపు తిరిగి, "చాచా, సబ్ర్ అంటే దెబ్బ తిని నోరు మూసుకోవడమేనా?" అని అడిగాడు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాలు తిరగేసిన మా దగ్గర ఆనాడు దానికి జవాబు లేకపోయింది. కిందికి చూస్తూ కూర్చున్నాము.

ఈ రోజు చెప్పబోయేది ఆ ప్రశ్నకు జవాబే. అయితే అది మా సొంత జవాబు కాదు. తన జీవితంలో దాదాపు మూడింట ఒక వంతును జైళ్లలో గడిపి ఆ జవాబును రాసిన ఒక మనిషిది. ఆయనే ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్. ఆయన ప్రజలు ఆయనను బాద్షా ఖాన్ అని పిలుచుకున్నారు. మన పాఠ్యపుస్తకాలు సరిహద్దు గాంధీ అన్నాయి. దాచుకోవడం ఎందుకు, ఆ రెండో పేరు మాకు అంతగా నచ్చదు. గాంధీజీపై గౌరవం లేక కాదు. ఆ పేరు వినగానే ఈయన మార్గం మరొకరి దగ్గర అరువు తెచ్చుకున్నదనే భావన కలుగుతుంది. ఆయన తన ఊరిలో మొదటి బడి తెరిచింది 1910లో. గాంధీజీ అప్పటికింకా దక్షిణాఫ్రికాలోనే ఉన్నారు.

ఆయన 1890లో పెషావర్ సమీపంలోని ఉత్మాన్‌జయ్ గ్రామంలో జన్మించారు. తండ్రి బహ్రామ్ ఖాన్ పెద్ద భూస్వామి. మనం పఠాన్లు అని పిలిచే పష్తూన్లలో పగ అనేది తరతరాల ఆస్తి వంటిది. తాతకు జరిగిన అవమానానికి మనవడు తుపాకీ ఎత్తుతాడు. అటువంటి సమాజంలో బహ్రామ్ ఖాన్ తన శత్రువులందరినీ క్షమించి, ఎవరితోనూ పగలు లేకుండా బ్రతికిన మనిషి. కనుక ఈ కథలో అహింస మొదట కనిపించేది ఏ ఆశ్రమంలోనూ కాదు, ఉత్మాన్‌జయ్‌లోని ఆ ముస్లిం ఇంటి ముంగిట్లోనే.

పెషావర్ మిషన్ పాఠశాలలో చదువుకుంటున్న రోజుల్లో ఆయనకు బ్రిటిష్ సైన్యంలోని గైడ్స్ దళంలో ఉద్యోగావకాశం వచ్చింది. ఆరడుగులకు మించిన యువకుడు, పైగా ఖాన్ కుమారుడు. పఠాన్ యువకులకు అంతకు మించిన గౌరవం ఉండేది కాదు. కానీ ఆ దళంలో అధికారిగా ఉన్న తన మిత్రుడిని, హోదాలో తక్కువవాడైన ఒక ఆంగ్లేయుడు అందరి ముందు అవమానించడం కళ్లారా చూశారు. ఆ ఉద్యోగం వద్దనుకున్నారు. తరువాత ఇంగ్లండ్ చదువుకు ప్రయాణం సిద్ధమైంది. తల్లి ఒప్పుకోలేదు. పెద్ద కుమారుడు వైద్యవిద్యకు వెళ్లి అక్కడే ఉండిపోయాడు, రెండోవాడిని కూడా పోగొట్టుకోలేనని ఏడ్చింది. తల్లి మాట కాదనలేక ఆగిపోయారు. ఆ తల్లి కన్నీరు సరిహద్దు ప్రాంత చరిత్రను మార్చింది.

ఊరిలో ఉండిపోయిన యువకుడికి తన చుట్టూ కనిపించినది అక్షరం తెలియని జాతి. దానిపై స్వారీ చేస్తున్నది ఒక చట్టం. 1901లో తెచ్చిన సరిహద్దు నేరాల చట్టం గురించి మేము రెండు మాటలు ఎక్కువ చెబుతాము. ప్రభుత్వ నౌకరీ చేసిన వారికి చట్టం పేరు వినగానే సెక్షన్లు చూడాలనిపించడం సహజం. ఆ చట్టం ప్రకారం వకీలు లేడు, అప్పీలు లేదు. ఒకడు చేసిన తప్పుకు ఊరంతటికీ శిక్ష వేయవచ్చు. తప్పు చేయకున్నా, చేయవచ్చునని అనుమానం వస్తే జామీను అడిగి, ఇవ్వకపోతే ఏళ్ల తరబడి జైలులో పెట్టవచ్చు. ఆ చట్టం ఆంగ్లేయులతో పోలేదు. పాకిస్తాన్ గిరిజన ప్రాంతాలలో 2018 వరకు కొనసాగింది. ఈ చట్టాన్ని గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాము.

ఆ రోజుల్లో ఆ ప్రాంతపు సంస్కర్త, తురంగ్‌జయ్ హాజీ సాహెబ్‌తో కలిసి ఆయన బడులు నడిపారు. 1915లో హాజీ సాహెబ్ ఆయుధం పట్టి కొండల్లోకి వెళ్లిపోయారు. బడులు మూతపడ్డాయి. గఫార్ ఖాన్‌కు కూడా ఆ దారి తెరిచే ఉన్నది, తుపాకీ ఆ దేశంలో చేతికర్ర వంటిది. ఆయన ఆ దారిన వెళ్లలేదు. కాలినడకన ఊరూరా తిరిగారు. ఆ జిల్లాలలోని దాదాపు ఐదు వందల గ్రామాలు తిరిగి, ప్రతిచోటా హుజ్రాలో, అంటే ఊరి అతిథిశాలలో కూర్చొని, రైతులతో మాట్లాడారు. బాద్షా ఖాన్ అనే పేరు అలా తిరిగిన కాళ్లకు వచ్చినది.

1919లో రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా సభ జరిపినందుకు అరెస్టు చేశారు. ఆయన కాళ్లకు సరిపడే సంకెళ్లు దొరకక, ఇరుకు సంకెళ్లు బిగించగా చర్మం చీలి రక్తం కారింది. ఊరి మొత్తం మీద జరిమానా విధించారు, వృద్ధుడైన తండ్రిని సైతం నిర్బంధించారు. విడుదలై వచ్చాక ఏం చేశారు? 1921లో ఉత్మాన్‌జయ్‌లో ఆజాద్ పాఠశాల తెరిచారు. మళ్లీ బడే!

ఇక్కడే మేము ఎంతో ఇష్టపడే సంఘటన ఉన్నది. ఆయన ఆత్మకథలో స్వయంగా చెప్పుకున్నారు. ప్రాంతపు చీఫ్ కమిషనర్ బహ్రామ్ ఖాన్‌ను పిలిపించి, అందరూ హాయిగా ఇళ్లలో ఉంటే మీ అబ్బాయికి మాత్రం ఈ బడుల పిచ్చి ఎందుకు, మాన్పించండి అని నచ్చజెప్పాడు. తండ్రి ఇంటికి వచ్చి కొడుకుతో అదే మాట అన్నారు. కొడుకు వినయంగా ఒకే ప్రశ్న వేశారు. బాబా, లోకమంతా నమాజు మానేస్తే నన్ను కూడా మానేయమంటారా? తండ్రి ఉలిక్కిపడ్డారు. ఎన్నటికీ అననన్నారు. అయితే ప్రజలకు చదువు చెప్పడం కూడా నాకు అటువంటి ఫర్జే అన్నారు కొడుకు. తండ్రి మరి మాట్లాడలేదు, నీ దారే సరైనదన్నారు.

ఇక్కడ కూర్చున్న తల్లులారా, తండ్రులారా, ఆ సంభాషణను కొంచెం మనసులో ఉంచుకోండి. మన ఇళ్లలో ఇటువంటి ప్రశ్న అడగగల పిల్లవాడు ఉన్నాడా? అడిగితే విని ఒప్పుకోగల తండ్రి ఉన్నాడా? రెండోదే కష్టమని మా అనుభవం.

ఆ బడి నడిపినందుకు, ఖిలాఫత్ ఉద్యమంలో పాల్గొన్నందుకు మూడేళ్ల కఠిన శిక్ష పడింది. ఒంటరి కొట్టు, కాళ్లకు ఇనుము, తిరగలితో ధాన్యం విసరడం. 1924లో బయటికి వచ్చేనాటికి శరీరం సగమైంది, ప్రజల గుండెల్లో స్థానం పదింతలైంది. ఫఖ్రె అఫ్గాన్, అంటే అఫ్గానుల గర్వకారణం అని బిరుదిచ్చారు. రెండేళ్లకు హజ్ యాత్ర చేశారు. ఆ ప్రయాణంలోనే జెరూసలేంలో మెట్లపై నుండి జారిపడి భార్య మరణించారు. మొదటి భార్య అంతకుముందే పోయారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు కూడా నిండలేదు. మళ్లీ వివాహం చేసుకోలేదు. 1928లో పష్తో భాషలో 'పఖ్తూన్' అనే పత్రిక ప్రారంభించారు. అందులో స్త్రీలు కూడా రాసేవారు. ఒక చిన్న పత్రికను బ్రతికించడం ఎంత కష్టమో ఈ మాసపత్రిక నడిపేవారికి మేము చెప్పనవసరం లేదు.

ఇక 1929. ఖుదాయీ ఖిద్మత్‌గార్. దైవ సేవకులు అని అర్థం. అల్లాహ్‌కు మన సేవ అవసరం లేదు, ఆయన సృష్టికి చేసే సేవే ఆయనకు చేసే సేవ అనేది వారి మూలసూత్రం. చేరేవారు ప్రమాణం చేయాలి. హింస చేయను, పగ తీర్చుకోను, నన్ను బాధించిన వారిని క్షమిస్తాను, రోజుకు కనీసం రెండు గంటలు సమాజం కోసం శ్రమిస్తాను. యువకులారా, చివరి వాక్యం మీద దృష్టి పెట్టండి. అహింసను గురించి మాట్లాడేవారు సాధారణంగా మొదటి మూడింటి దగ్గరే ఆగిపోతారు. రోజుకు రెండు గంటలు! వీధులు ఊడ్చారు, నూలు వడికారు, బడులు నడిపారు, తగవులు తీర్చారు. సైన్యం మాదిరే శిబిరాలు, కవాతు, హోదాలు ఉండేవి, ఆయుధం మాత్రం ఉండేది కాదు. తెల్లబట్టలు త్వరగా మాసిపోతున్నాయని ఇటుక రంగు అద్దించుకున్నారు, అందుకే ఎర్రచొక్కాల దళం అనే పేరు వచ్చింది. ఆ రంగు చూసి ఆంగ్లేయులు వీరిని రష్యా బోల్షివిక్కుల మనుషులని ప్రచారం చేశారు. ఒక జాతి పేదరికాన్ని, మాసిన బట్టను సైతం కుట్రగా చూపించడం అధికారానికి ఎంత తేలికో చూడండి. ఇది మనకు కొత్త కాదు కదా.

ఈ సేన పరీక్షకు నిలిచిన రోజు 1930 ఏప్రిల్ 23. ఆ ఉదయం బాద్షా ఖాన్‌ను, మరికొందరు నాయకులను అరెస్టు చేశారు. పెషావర్‌లోని కిస్సా ఖ్వానీ బజారులో జనం గుమిగూడారు. అది కథలు చెప్పుకొనే బజారు, పూర్వం బాటసారులు టీ తాగుతూ కథలు వినే చోటు. సైనిక శకటాలు జనంలోకి దూసుకువచ్చాయి, మనుషులు చక్రాల కింద నలిగారు. తరువాత కాల్పులు. ముందు వరుస కూలిపోతే వెనుక వరుస ముందుకు వచ్చింది. గంటల తరబడి ఇదే జరిగింది. తుపాకీ లేని ఇల్లు లేని దేశంలో, ఒక్క మనిషి ఇంటికి పరుగెత్తి తుపాకీ తెచ్చుకోలేదు. ప్రభుత్వం చెప్పిన మృతుల లెక్క పదుల్లో ఉన్నది, ప్రజలు చెప్పిన లెక్క వందల్లో ఉన్నది.

ఆ రోజు మరొకటి జరిగింది. నిరాయుధులపై కాల్చమని గఢ్వాల్ రైఫిల్స్ దళానికి ఆజ్ఞ ఇచ్చారు. వారు హిందూ సైనికులు, ఎదుట ఉన్నది ముస్లిం జనం. ఆ లెక్క వేసుకొనే అధికారులు వారిని అక్కడికి పంపారని అంటారు. చంద్రసింగ్ గఢ్వాలీ నాయకత్వంలో ఆ సైనికులు కాల్చడానికి నిరాకరించారు. సైనిక న్యాయస్థానం వారికి కఠిన శిక్షలు వేసింది, చంద్రసింగ్‌కు యావజ్జీవం విధించింది. ఈ పేరు మన పిల్లలకు తప్పక చెప్పండి. మన చరిత్రను మనం చెప్పుకొనేటప్పుడు మన కోసం జైలుకు పోయిన ఇతరుల పేర్లు జారవిడవడం న్యాయం కాదు.

ఆ కాల్పుల తరువాత ఉద్యమం చస్తుందనుకున్నారు. కొద్ది నెలల్లో సభ్యులు వేల నుండి పదుల వేలకు పెరిగారు. పఠాన్‌ను రెచ్చగొట్టి తుపాకీ పట్టిస్తే అణచడం సులువు, అందుకు వారి వద్ద ఫిరంగులున్నాయి. తుపాకీ పట్టని పఠాన్‌ను ఏం చేయాలో ఏ సైనిక గ్రంథంలోనూ లేదు. అందుకే నడివీధిలో బట్టలు విప్పించారు, కొట్టారు, ఇళ్లు తగలబెట్టారు. ఎలాగైనా చేయి ఎత్తించాలన్నదే ఎత్తుగడ. ఇప్పుడు మా యువమిత్రుడి ప్రశ్నకు వద్దాము. దెబ్బ తిని నోరు మూసుకోవడం సబ్ర్ కాదు. దెబ్బ తిని కూడా బడి మూయకపోవడం సబ్ర్. పన్ను కట్టను, క్షమాపణ చెప్పను, జామీను ఇవ్వను, చేయి మాత్రం ఎత్తను అనడం సబ్ర్. మక్కాలో దైవప్రవక్త (స) పదమూడేళ్లు గడిపిన తీరును బాద్షా ఖాన్ ఎప్పుడూ గుర్తు చేసేవారు. నేను మీకిచ్చే ఆయుధం కొత్తది కాదు, అది ప్రవక్త ఆయుధమే, సహనం, ధర్మమార్గం అనేవారు. మక్కాలో ఆయన (స) మౌనంగా లేరు కదా! ప్రతిరోజూ మాట్లాడారు. అందుకే కదా బాధలు పెట్టింది.

1931లో విడుదల, ఆ సంవత్సరమే మళ్లీ అరెస్టు, హజారీబాగ్ జైలు. 1934లో వదిలినా సొంత ప్రాంతంలో అడుగు పెట్టరాదన్నారు. వార్ధాలో గాంధీజీ వద్ద ఉన్నారు. కాంగ్రెస్ అధ్యక్ష పదవి ఇస్తామంటే, నేను సిపాయిని మాత్రమే అని వద్దన్నారు. ఏడాది తిరగకముందే బొంబాయి ప్రసంగానికి రెండేళ్ల జైలు. 1940లో యుద్ధానికి షరతులతో సహకరిస్తామని కాంగ్రెస్ తీర్మానిస్తే, అహింస అవసరాన్ని బట్టి మార్చుకొనే చొక్కా కాదని కార్యవర్గానికి రాజీనామా ఇచ్చారు. పెద్ద పెద్ద నాయకులు అటు ఉన్నారు, ఈయన ఒంటరిగా ఇటు నిలబడ్డారు. 1947 మొదట్లో బీహార్ అల్లర్లలో కాలిపోయిన ముస్లిం గ్రామాలలో గాంధీజీతో కలిసి తిరిగారు.

దేశవిభజన దగ్గరకు వచ్చేసరికి ఈ కథ చేదుగా మారుతుంది. ఆయన విభజనను వ్యతిరేకించారు. కాంగ్రెస్ పెద్దలు ఒప్పుకున్నారు, ఆయనను ముందుగా అడగలేదు కూడా. మమ్మల్ని తోడేళ్లకు వదిలేశారని ఆయన బాధపడ్డారు. సరిహద్దు రాష్ట్రంలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. భారతదేశమా, పాకిస్తానా అని రెండే పెట్టెలు. పష్తూన్లకు మూడో మార్గం కూడా పెట్టమని ఆయన అడిగారు, ఒప్పుకోకపోయేసరికి బహిష్కరించారు. ఓటర్లలో దాదాపు సగం మంది ఓటు వేశారు, ఆ ఓట్లలో దాదాపు అన్నీ పాకిస్తాన్‌కే పడ్డాయి. మా మట్టుకు మాకు ఆ బహిష్కరణ పొరపాటే అనిపిస్తుంది. పెట్టె దగ్గరకు పోనివాడి మాట లెక్కలోకి రాదు. ఓటరు జాబితాలో పేరు లేదని తెలిసినా కదలని మనవారిని చూసినప్పుడల్లా మాకు ఇది గుర్తుకు వస్తుంది. గొప్పవారి పొరపాట్లను కూడా గొప్పతనం కింద జమకట్టనవసరం లేదు.

పాకిస్తాన్ ఏర్పడ్డాక ఆయన ఆ దేశానికి విధేయుడిగానే ఉంటానని ప్రకటించారు. అయినా 1948లో అరెస్టు చేశారు. ఏ చట్టం కింద? అదే సరిహద్దు నేరాల చట్టం. ఆంగ్లేయుడు వదిలిన కలాన్ని ముస్లిం అధికారి తీసుకొని అదే కాగితంపై సంతకం చేశాడు. ఆ ఆగస్టు 12న చార్సద్దా దగ్గర బాబ్రాలో, అరెస్టులను నిరసిస్తూ గుమిగూడిన ఖుదాయీ ఖిద్మత్‌గార్లపై కాల్పులు జరిగాయి. వందలాది మంది చనిపోయారని ఉద్యమకారులు చెబుతారు. సంస్థను నిషేధించారు. ఇది కలిమా చదివే ప్రభుత్వం కలిమా చదివే ప్రజలపై జరిపిన కాల్పులు. మన సభలలో కిస్సా ఖ్వానీ గురించి మాట్లాడేవారు బాబ్రా గురించి మాట్లాడరు. మేము మాట్లాడతాము. అన్యాయం చేసినవాడి పేరు మన పేరులా ఉన్నంత మాత్రాన అది న్యాయం కాదు.

ఆంగ్లేయుల జైళ్లు గౌరవంగా చూశాయి, నా సొంత ప్రభుత్వం అలా చూడలేదని ఆయన చెప్పుకున్న సందర్భాలున్నాయి. 1962లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఆయనను ఆ ఏటి ఖైదీగా ఎంపిక చేసింది. 1964లో వదిలిపెట్టగా వైద్యం కోసం ఇంగ్లండ్ వెళ్లి, అటు నుండి అఫ్గానిస్తాన్ చేరారు.

1969లో గాంధీజీ శతజయంతికి భారతదేశం వచ్చారు. మేము అప్పటికి చిన్నపిల్లలం. అబ్బాజాన్ ఉర్దూ పత్రికలోని ఫొటో చూపించి, చంకలో బట్టల మూట పట్టుకొని విమానం దిగిన ఈ ముసలాయన ఎవరో తెలుసా అని అడగడం లీలగా గుర్తున్నది. ఆ మూటను ఆయన ఇతరులకు ఇవ్వలేదట. దేశం ఆయనకు దండలు సిద్ధం చేసింది. ఆయన మాత్రం, కొద్ది రోజుల ముందు అహ్మదాబాద్‌లో జరిగిన మత కల్లోలాల గురించి అడిగారు. మూడు రోజులు ఉపవాసం ఉన్నారు, ఆ నగరానికి వెళ్లి బాధితుల మధ్య కూర్చున్నారు. మీరు గాంధీని మరచిపోయారని ఆతిథ్యం ఇచ్చినవారి ముఖం మీదే అన్నారు. బహుశా ఆ మాట అనడానికి అర్హత ఉన్నవాడు అప్పటికి ఆయన ఒక్కడే.

1987లో భారతరత్న ఇచ్చారు, భారత పౌరుడు కాని వ్యక్తికి ఆ పురస్కారం అదే మొదటిసారి. 1988 జనవరి 20న పెషావర్‌లో కన్నుమూశారు. ఆ వార్త రేడియోలో విన్నప్పుడు మేము ఉద్యోగంలో చేరి కొద్ది సంవత్సరాలే అయింది. కార్యాలయంలో ఒక పెద్దాయన, బ్రాహ్మణుడు, మా బల్ల దగ్గరకు వచ్చి, మీ వాడు పోయాడయ్యా అని, క్షణం ఆగి, మన వాడు అని దిద్దుకున్నారు. ఆ సవరణ మాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

తనను జలాలాబాద్‌లో పూడ్చమని ఆయన కోరుకున్నారు. వేలాది మంది జనం ఖైబర్ కనుమ దాటి శవపేటిక వెంట నడిచారు. అఫ్గానిస్తాన్‌లో అప్పుడు ఘోరమైన యుద్ధం నడుస్తున్నది. అంత్యక్రియల కోసం రెండు పక్షాలూ కాల్పులు ఆపాయి. అయినా జనాజా సమయంలో బాంబులు పేలి కొందరు చనిపోయారు. ఈ రెండో సంగతిని చాలామంది రాయరు, కథ అందంగా ముగియదని కాబోలు. మాకు రెండూ చెప్పాలనిపించింది.

ఇక మన ఖబరస్థాన్ సంగతి. ఆ యువకులలో కొందరు ప్రతి ఆదివారం మా ఇంటికి వస్తున్నారు. పాత పహాణీల నకళ్లు, వక్ఫ్ గెజిట్ పుటలు ముందు వేసుకొని, సర్వే నంబర్లు ఎలా చదవాలో నేర్చుకుంటున్నారు. రెండు గంటలు తక్కువ కాకుండా కూర్చోవాలని షరతు పెట్టాము, ఎందుకో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది. వ్యాజ్యం ట్రిబ్యునల్‌లో ఉన్నది. కంచె ఇంకా అక్కడే ఉన్నది. కంచె పక్కనే గత నెలలో ఇద్దరిని ఖననం చేశాము.

ఆనాడు ప్రశ్న అడిగిన యువకుడు ఈ రోజు కూడా వచ్చాడు, అదిగో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. మా జవాబుతో అతను పూర్తిగా ఏకీభవించడని మాకు తెలుసు. పఠాన్లకు పోగొట్టుకోవడానికి తుపాకీ అయినా ఉండేది చాచా, మాకేమున్నదని మొన్న మళ్లీ అడిగాడు. మగ్రిబ్ అజాన్‌కు వేళవుతున్నది. నమాజు తరువాత అతను మాట్లాడతాడు. దయచేసి ఎవరూ వెళ్లిపోకండి.